యాకూబ్ దాచలేకపోయిన బరువు

మదనపల్లె బెంగుళూరు బస్టాండు వెనక సందులో యాకూబ్ అంగడికి వెళితే కొత్త కొయ్య కనిపించేది కాదు. చుట్టుపక్కల ఎవరైనా మట్టిమిద్దె పడగొడుతున్నారని తెలిస్తే చాలు, సైకిలెక్కి పోయేవాడు. దూలాన్ని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, అప్పుడు బేరం మొదలుపెట్టేవాడు. అరవై ఏండ్లు వంటింటి పొగ పీల్చిన వేపదూలానికి పురుగూ పట్టదు, వంకరా పోదు అని అతని నమ్మకం.

తండ్రి ఫకీర్ సాహెబ్ పుంగనూరులో బండిచక్రాలు చేసినవాడు. చక్రాల గిరాకీ పడిపోయి కొడుకు మదనపల్లె చేరేసరికి డెబ్బైలు సగం దాటాయి. అప్పుడే బెంగుళూరు నుంచి రెడీమేడ్ సామాన్లు దిగడం మొదలైంది. పైన అద్దంలా మెరిసే సన్‌మైకా, లోపల రంపపుపొట్టును జిగురుతో అదిమిన పలక. జనం ముచ్చటపడి కొనేవాళ్లు. ఒక వానాకాలం గడిచాక యాకూబ్ అంగడికి మోసుకొచ్చేవాళ్లు.

"లోపల ఉప్మా ఉండాది గదప్పా. దీనికి మేకు కొట్టేదానికంటే స్పూను పెట్టేది మేలు" అనేవాడు యాకూబ్.

అతికించి పంపడం అతనికి చేతకాదు. అంతా విప్పి, అవే కొలతల్లో పాత వేపతోనో మద్దితోనో మళ్లీ చేసేవాడు. ఒక్కటే పట్టుదల. చేసిన కొయ్య పైకి కనిపించాలి. దాన్ని మైకా కింద దాచమంటే ఆ పని తీసుకునేవాడు కాదు. ఊడదీసిన మైకా రేకులన్నీ ఆ సందులోని ఇండ్లలో నీళ్లబిందెల మీద మూతలయ్యాయి.

ఆ పట్టుదలను సుభద్రమ్మ టీచరు విడిపించింది. పుంగనూరు బళ్లో పాఠాలు చెప్పే ఆవిడ, ఎనభై ఒకటి కార్తీకంలో, ముసురు పట్టిన వారంలో, ఒక బీరువాను వ్యానులో వేసుకుని వచ్చింది. బీరువా అడుగు నీళ్లు తాగి ఉబ్బిపోయి, అరలు ఉయ్యాలల్లా కిందికి దిగి ఉన్నాయి.

"దీన్ని మల్లా చెయ్యాల. పైకి మాత్రం ఇట్లే ఉండాల" అంది.

"మైకా తీసేస్తే కొయ్య అందం తెలుస్తాదమ్మా."

"అందం నాకొద్దు యాకూబప్పా. ఇది మా అన్న ఇచ్చినేది."

అన్న పేరు వెంకటరమణప్ప. కుప్పంలో పట్టుగూళ్ల వ్యాపారం. తండ్రి పోయాక బావి వాటా దగ్గర మాటామాటా పెరిగి అన్నాచెల్లెళ్లకు నాలుగేండ్లు పలకరింపులు లేవు. ఆ తర్వాత ఒక పొద్దు ఆయన చెప్పాపెట్టకుండా, ఈ బీరువాను బస్సు టాపు మీద వేసుకొచ్చి, బస్టాండు నుంచి ఇంటిదాకా తన భుజం మీదే మోసుకొచ్చాడు. బావి మాట మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు.

"దీని జత వాళ్లింట్లో ఉండాది. అది నిక్షేపంగా ఉండాదని ఉత్తరం రాసినప్పుడంతా రాస్తాడు. నాది కూలిపోయిందంటే, తనిచ్చినేది నేను లెక్కచెయ్యలేదనుకుంటాడు. ఆయప్పకు కోపం ముక్కు మీదుంటాది. మల్లా నాలుగేండ్లు నా వల్ల కాదు."

యాకూబ్ కాసేపు బీరువా చుట్టూ తిరిగాడు. "ఈ గీత?"

"ఉండనీ. ఆయన దించేటప్పుడు పడింది."

"ఈ ఎడంతలుపు మూసుకోదే?"

"కాగితం మడత పెడితే మూసుకుంటాది. ఆ మడత కూడా ఆయన పెట్టిందే. అది అట్లే ఉండాల."

"బరువు మాత్రం నా చేతిలో లేదమ్మా. వేప వేపే."

"బీరువాను ఎవురు ఎత్తి సూస్తారప్పా!"

మైకా రేకు చిట్లకుండా తీయాలంటే వేడి కావాలి. భార్య సయీదా దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకున్నాడు.

"పెండ్లయి ఇన్నేండ్లకు నా కష్టం తెలిసిందా? చీరలు ఇస్త్రీ చేస్తావా ఏమి?" అంది సయీదా.

"చేస్తాండాను. దీని చీర విప్పి, ఇస్త్రీ చేసి, మల్లా కట్టాల."

రేకు మీద ఇస్త్రీపెట్టె నడిపి, జిగురు మెత్తబడగానే పలుచటి రంపపు బ్లేడు దూర్చి, జానెడు జానెడుగా ఊడదీశాడు. లోపలి చట్రం అంతా వేప. మూలలకు మేకులు లేవు, ఒక కొయ్య కుసు ఇంకో కొయ్య బెజ్జంలో దిగి బిగుసుకోవడమే. దాని మీద పాత మైకా కప్పాడు. పదిహేడు రోజుల పని. అందులో ఒక పూట ఎడమ తలుపుకే పోయింది. చక్కగా మూసుకునే తలుపును మూసుకోకుండా చేయడం అతను ఎక్కడా నేర్చుకోలేదు. మడతబందును నూలుపోగంత జరిపి బిగించి, తలుపు తెరుచుకుంటుంటే తన పని తననే వెక్కిరించినట్టు చూస్తూ నిలబడ్డాడు.

"నీ పేరు చెప్పుకోలేని పని చేసినావు" అంది సయీదా.

"చెప్పుకుంటే ఆయమ్మ కొంప మునుగుతాది."

నలుగురు పట్టి వ్యానెక్కిస్తే బీరువా పుంగనూరుకు వెళ్లింది. రెండున్నరేండ్లు ఎవరూ దాన్ని కదపలేదు.

ఎనభై నాలుగు వేసవిలో సుభద్రమ్మకు మదనపల్లెకు బదిలీ అయింది. మంచాలు విప్పడానికి యాకూబ్‌ను పిలిపించింది. సామాను సర్దించడానికి వెంకటరమణప్ప కుప్పం నుంచి తెల్లారేసరికే దిగాడు. ఆయన వస్తాడని ఆమె అనుకోలేదు.

పంచె ఎగ్గట్టి ఆయన నేరుగా బీరువా దగ్గరకు పోయాడు. "దీనికి మనుషులెందుకు? నేనొక్కణ్ణే గదా తెచ్చినాను. తప్పుకోండి."

"వద్దన్నా, నడుము..." అంది సుభద్రమ్మ.

ఆయన వంగి, బీరువాను కౌగిలించుకుని, ఊపిరి బిగబట్టి లేపాడు. కదల్లేదు. కాలు మార్చుకుని మళ్లీ లేపాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ బీరువా ఉన్నచోటే ఉంది.

"ఏం పెట్టినావు సుభద్రా ఇందులో?"

"పుస్తకాలు."

పుస్తకాలన్నీ గోనెసంచుల్లో వసారాలో ఉన్నాయి. ఆయన వాటిని చూసి, బీరువా తలుపు తీశాడు. ఖాళీ. లోపలికి చెయ్యి పెట్టి అర మీద కణుపుతో తట్టాడు. గట్టి కొయ్య పలికింది. సుభద్రమ్మ చేతిలోని దిండు గలీబును మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. యాకూబ్ మంచం కోడు మీద నుంచి కళ్లెత్తలేదు.

"నువ్వెవురప్పా?" అన్నాడు వెంకటరమణప్ప.

"యాకూబ్. మదనపల్లె. మంచాలు విప్పేదానికి వచ్చినాను."

"కొయ్య పనా?"

"అవున్సార్."

ఆయన ఊఁ కొట్టి ఎడమ తలుపు మూశాడు. అది తెరుచుకుంది. కింద పడిన కాగితం మడతను తీసి, ఊది, సందులో పెట్టి మూశాడు. ఈసారి మూసుకుంది. మెల్లగా నవ్వాడు.

"సూసినావా సుభద్రా, బెంగుళూరు సరుకు! పాతబడే కొద్దీ గట్టిపడతాండాది. పిలువు, నలుగుర్ని పిలువు."

గలీబు ఆమె చేతిలో మడత మీదే ఆగింది. సుభద్రమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

పది రోజులకు యాకూబ్ అంగడి ముందు కుప్పం లారీ ఆగింది. క్యాబిన్‌లోంచి వెంకటరమణప్ప దిగాడు. వెనక, గోనెపట్టాల కింద, అదే రంగు మైకాతో ఒక బీరువా. అడుగు ఉబ్బి, అరలు జారి, ఒక తలుపు పురికొసతో కట్టి ఉంది.

"ఆ పొద్దు రెండు కొన్నాను. మాది ఆరునెల్లకే కూర్చునింది. చెల్లెలిది మాత్రం యెట్లా నిలబడిందబ్బా అని మూడేండ్లుగా నా బుర్ర తినేస్తాండాది" అన్నాడు.

"నిక్షేపంగా ఉండాదని ఉత్తరాలు రాసినారంట గదా సార్."

"ఏం రాయమంటావు? మీ ఊళ్లో నీ మాటగా అంటారే, నేనిచ్చింది ఉప్మా అని రాయమంటావా?" ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "వచ్చే నెల సుభద్ర మా యింటికి వస్తాననింది. దానికి తెలీకూడదు. పైకి ఇట్లే ఉండాల."

యాకూబ్ బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎడంతలుపు మూసుకోవాల్నా, వద్దా సార్?"

వెంకటరమణప్ప తలుపుకు కట్టిన పురికొస విప్పాడు. "దాని యింట్లోది యెట్లుందో అట్లే."

యాకూబ్ ఇంటివైపు తిరిగి కేకేశాడు. "సయీదా! ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వెయ్యి."