సంధ్యారాణి బీడీల చేట బడి

కోరుట్లలో సంధ్యారాణి గొంతు ఎరగని చెవి లేదు. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల. ఇంట్లోనే సాంచాలు, అంటే మరమగ్గాలు. ఆ చప్పుడులో ఉప్పు కావాలన్నా అరవాలి, రహస్యం చెప్పాలన్నా అరవాలి. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె వాకిట్లో నిలబడి, తన లెక్కన మెల్లగానే, నీళ్లు తోడాలా అని అత్తను అడిగితే జగిత్యాల బస్టాండులో ఉన్నవాళ్లు బిందెలు వెతుక్కున్నారట. ఇందులో సగం తీసేసినా మెట్‌పల్లి దాకా వినబడ్డది మాత్రం ఖాయం.

భర్త ప్రేమ్‌సాగర్ దుబాయిలో ఇటుకల పని చేస్తాడు. ఇంట్లో అత్త మొగిలవ్వ, ఇద్దరు ఆడపిల్లలు సౌమ్య, శ్వేత. సంధ్యారాణి పొద్దంతా బీడీలు చుడుతుంది. ఒళ్లో చేట, చేటలో తునికాకు, తంబాకు, దారం.

పెద్దదైన సౌమ్యను మొదట వ్యాను వచ్చే బడికే పంపింది. పిల్ల ఇంటికొచ్చి పుస్తకం మొత్తం గడగడా అప్పజెప్పేది. మొగిలవ్వ మురిసిపోయి వాడకట్టునంతా పిలిచి వినిపించేది. ఒకనాడు సంధ్యారాణి తొంగిచూస్తే, పిల్ల చేతిలో ఉన్నది లెక్కల పుస్తకం, నోట్లో ఉన్నది తెలుగు పాఠం. ఒక్క అక్షరం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే పిల్ల తెల్లమొహం వేసింది. మర్నాటి నుంచి వ్యాను వాకిట్లో హారన్ కొట్టుకుంటూ ఖాళీగా పోయింది.

అప్పటి నుంచి చదువు ఇంట్లోనే. జగిత్యాలలో పాత సామాన్ల దుకాణం నడిపే అమీనుద్దీన్, పిల్లల కథల పుస్తకాలు వస్తే ఆమె కోసం పక్కన పెట్టేవాడు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి సంధ్యారాణి పుస్తకాన్ని చేట ముందు నేలమీద పరిచి, పేజీ ఎగరకుండా కత్తెర బరువు పెట్టేది. ఎదురుగా సౌమ్య కూర్చునేది. తల్లి బీడీ చుడుతూ ఓరకంట చూసి చెప్పేది, పిల్ల వేలు పెట్టి చదివేది. పేజీలు తిప్పే ఉద్యోగం చిన్నది శ్వేతది. కొన్నాళ్లకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా తమ చేటలు తెచ్చుకుని అక్కడే చేరారు. కథలో దొంగ దొరికిన రోజున కార్ఖానాకు పోయిన బీడీలన్నీ ఉత్కంఠతో వంకరపోయాయని అంటారు.

ఇదంతా ఫోన్లో విని ప్రేమ్‌సాగర్ ఒప్పుకోలేదు. తాను పదో తరగతి తప్పి ఇటుకలు మోస్తున్నాడు, బిడ్డలకు ఆ గతి వద్దు. జూన్‌లో సౌమ్యను జగిత్యాలలో హాస్టలున్న బడిలో వేస్తానన్నాడు. ఏడేళ్ల పిల్ల హాస్టల్లో ఎట్లా ఉంటుంది, ఇంకొక్క ఏడాది ఇంట్లో ఉండనిమ్మని సంధ్యారాణి బతిమాలింది. తాను వచ్చి చూసి తేలుస్తానన్నాడు.

సెలవు మీద వచ్చిన సాయంత్రమే, చాయ్ తాగి, పేపరు సౌమ్య చేతిలో పెట్టి చదవమన్నాడు. పిల్ల దాన్ని తీసుకుని, బుద్ధిగా తలకిందులు చేసి, నేలమీద పరుచుకుంది.

"ఏందే ఇది?" అన్నాడు భార్యతో. "కాయిదం ఉల్టా పెట్టుకున్నది. గిదేనా నీ బడి?"

సంధ్యారాణి వంగి పేపరును సరిగ్గా తిప్పబోయింది. సౌమ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ దిక్కు నువ్వు సదువుకో అమ్మా. నాకు గిట్లనే అస్తది."

అని, బోయినపల్లిలో కరెంటు పోయిన వార్త మొదలు నుంచి చివర దాకా ఎక్కడా ఆగకుండా తలకిందులుగానే చదివేసింది. అప్పుడు తగిలింది సంధ్యారాణికి. పుస్తకం ఎప్పుడూ తనవైపే తిరిగి ఉండేది. ఎదురుగా కూర్చున్న పిల్లకు అక్షరం అంటేనే కాళ్లు పైకి, తల కిందికి.

"సదివింది గద," అంది మొగిలవ్వ. ఆమెకు ఎటు తిప్పినా ఒకటే. "ఉల్టా అయితేంది, సీదా అయితేంది?"

"బడిల బోర్డును ఎవడు తిప్పుతడే అవ్వా?" అన్నాడు ప్రేమ్‌సాగర్. సోమవారం జగిత్యాల పోయి పేరు రాయించి వస్తానన్నాడు.

అతని మాట నిజమేనని సంధ్యారాణికీ తెలుసు. ఆ సాయంత్రం ఆమె ఎంత మెల్లగా మాట్లాడిందంటే, పక్కింటివాళ్లు జ్వరమేమోనని మాత్ర పట్టుకొచ్చారు.

తెల్లవారి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. చేట అంచు తగిలింది, మోచేతులు తగిలాయి, తంబాకు ఘాటుకు పిల్ల తుమ్మింది. చేట దించి ఆమె భర్త వైపు తిరిగింది.

"నా చేతులు ఖాళీ లేవు. నువ్వు దాని పక్కకు కూసుండి సీదా సదివిపియ్యి. అయితదో కాదో నీకే ఎర్కైతది."

అతను కూర్చున్నాడు. ఎండిన బావిలో పడ్డ ఒంటె కథ. తిన్నగా ఉన్న అక్షరాల మీద సౌమ్య కొత్త చెప్పులు వేసుకున్నట్టు నడిచింది. ఎక్కడైనా తట్టుకుంటే మెడ వంచేది, చెవి భుజానికి ఆనేదాకా వంచేది, పుస్తకాన్ని మాత్రం తండ్రి తిప్పనిచ్చేవాడు కాదు. మధ్యలో ఒంటె అరుస్తుందని వస్తే, ఒంటె అట్లా అరవదని ఆపాడు. దుబాయిలో ఒక ఒంటె తన క్రేన్‌కు అడ్డం పడుకుంటే తానొక్కడే లేపి పంపించానన్నాడు. చేటల్లో చేతులన్నీ ఆగిపోయాయి. అతను ఒంటెను చూసింది కూలీల బస్సు కిటికీలోంచేనని సంధ్యారాణికి తెలుసు. అయినా, తర్వాతేమైందని అడిగింది.

రోజూ అదే వరస, రోజుకో పేజీ. పిల్ల మెడ కొంచెం కొంచెం నిటారయింది. అతను మాత్రం హాస్టల్ మాట వదల్లేదు. సోమవారం పొద్దున్నే జగిత్యాల బస్సెక్కాడు.

ఆ రోజు సంధ్యారాణి చుట్టిన బీడీలు చుట్టినట్టే విప్పుకున్నాయి. మధ్యాహ్నం ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు. కానియ్యమని మొగిలవ్వ తొందరపెడితే సౌమ్య ఒక్కతే గోడకు ఆనుకుని, పుస్తకం తిన్నగా పెట్టుకుని, ఒంటె కథ చివరిదాకా చదివింది.

పొద్దుగూకే వేళ అతను తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని సౌమ్య పక్కన కూర్చున్నాడు. సంధ్యారాణి చేటలోకి వంగింది. మొగిలవ్వే అడిగింది, పేరు రాయించినావా అని.

"రాయియ్యలే. గేటు దాక పోయిన," అన్నాడు. "నేనెట్లన్న దుబాయిల ఉంట. ఇంట్లకెల్లి దూరముండేందుకు నేనొక్కన్ని సాలదా? పైయేడు సూద్దాం." పుస్తకం అందుకున్నాడు. "ఏడిదాక అచ్చింది?"

"అయిపోయింది నాన్నా. ఒంటె బయిటికచ్చింది."

అతని మొహం వాడిపోయింది.

"నేను లేంగ సదివిన్రా? జెర ఆగద్దా?"

సౌమ్య పుస్తకాన్ని అతని ఒళ్లో తిన్నగా పెట్టి, ఒంటె ఇంకా బావిలోనే ఉన్న పేజీకి వెనక్కి తిప్పింది.