నూనె తాగిన పిడి

ఏ వస్తువైనా చప్పుడు చేసిందంటే అది నూనె కోసం ఏడుస్తున్నట్టే అని ఆ దర్జీ నమ్మకం. పొద్దున్నే దుకాణం తలుపు మడతబందులకు ఒక చుక్క, కుట్టుమిషన్ కీళ్ళకు తలా ఒక చుక్క, కత్తెర మరమేకుకు ఒక చుక్క. ఆ తర్వాతే తన గొంతులోకి కాఫీ. పొడుగు ముక్కున్న చిన్న నూనెడబ్బా ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. ఆ జేబు కింద అరచేయంత మరకా ఉండేది. వీధిలో అతన్ని దర్జీ అని పిలిచేవాళ్ళకంటే నూనెడబ్బా అని పిలిచేవాళ్ళే ఎక్కువ. ఒకసారి పక్కింటి గేటు కిర్రుమంటోందని, వాళ్ళు నిద్ర లేవకముందే వెళ్ళి నూనె వేసి వచ్చాడు. మొగుడు ఎప్పుడు ఇల్లు చేరుతున్నాడో ఆ కిర్రునుబట్టే కనిపెట్టే పక్కింటావిడ వారంరోజులు అతనితో మాట్లాడలేదు.

అలాంటివాడు బావమరిదితో కలిసి ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. ఆదివారం వస్తే ముగ్గురూ అందులో బయలుదేరేవాళ్ళు. చుక్కాని దర్జీది, తెరచాప బావమరిదిది, తిండి సంచి దర్జీ భార్యది. రేవు గోడల మధ్య గాలి ఆడదు కాబట్టి బయటి నీళ్ళలోకి వెళ్ళేదాకా చిన్న ఇంజన్ మీద పోవాలి. ఆ ఇంజన్ వేగం పెంచడానికి ఒక పిడి ఉంది. దానితోనే వచ్చింది తంటా. ముందుకు తోస్తే ఇంజన్ హుషారుగా అందుకునేది. చెయ్యి తియ్యగానే పిడి, బడికి పోనని మొరాయించే పిల్లాడిలా, మెల్లగా వెనక్కి జారుకునేది. ఇంజన్ నీరసపడి గుడగుడలాడేది. అందుకని ఆ పిడిని పట్టుకు కూర్చునే పని కూడా భార్య నెత్తినే పడింది.

మొదట్లో సరదాగానే పట్టుకుంది. పోనుపోను ఆమె ఓపిక కూడా పిడిలాగే వెనక్కి జారింది.

"సముద్రం చూపిస్తానని తీసుకొచ్చారు. వెళ్ళేటప్పుడూ ఈ ఇనప ముక్కే, వచ్చేటప్పుడూ ఈ ఇనప ముక్కే. మధ్యలో చెయ్యి పిసుక్కోవడం," అంది ఒకరోజు గట్టు ఎక్కుతూ. "వచ్చే ఆదివారం కూడా నన్ను పిడి పట్టుకోమన్నారంటే, పడవ ఆ చేపల లారీ ఆయనకిచ్చేద్దాం. ఎప్పణ్ణించో అడుగుతున్నాడు. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు."

"నేనెప్పుడు ఒప్పుకున్నానక్కా?"

"ఇప్పుడే."

వారమంతా సూది కన్నంలోకి చూసే దర్జీ కళ్ళకు ఆ ఒక్కపూట ఆకాశం అంచుదాకా చూపు ఆనేది. అది పోతే మళ్ళీ ఆదివారం కూడా కాలర్లే.

శనివారం దుకాణం మూసి బావమరిదితో కలిసి పడవలోకి దిగాడు. పిడి నుంచి ఇంజన్‌కు పోయే తీగను అప్పటికే మార్చి చూశారు. బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టి చూశారు. అది ఎగిరి నీళ్ళలో పడింది. ఇక మిగిలింది ఇంజన్ దగ్గర తీగను వెనక్కి లాగే స్ప్రింగ్.

"దాన్ని పీకేద్దాం బావా. లాగేదే లేకపోతే పిడి వెనక్కెందుకొస్తుంది?"

"రేపు తీగ తెగిందనుకో, ఇంజన్ని ఎవరు తగ్గిస్తారు? మీ అక్కా?"

"అక్క అరిస్తే తగ్గకేం చేస్తుంది?"

"ఎవరు అరిచేది?" అంటూ ఆమె క్యారేజీతో పడవలోకి దిగింది. తమ్ముడు స్ప్రింగ్ వైపు మహా శ్రద్ధగా చూశాడు.

దర్జీ పిడి మీది మూత విప్పాడు. లోపల రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి మధ్య ఒక వాషరు, అన్నింటినీ కలిపి నొక్కిపట్టే నట్టు. నట్టు విప్పి ఒక బిళ్ళ చేతిలోకి తీసుకోగానే, అలవాటు ప్రకారం రెండో చెయ్యి జేబులోకి పోయింది.

"అందులోనూ పోస్తారా?"

"పడవ కొన్నప్పటినుంచీ పోస్తున్నాను. ఒక్క వారం మానలేదు," అన్నాడు, పిల్లాడికి టీకాలన్నీ వేయించిన తండ్రిలా.

ఆమె క్యారేజీ గిన్నెలు విడదీస్తూ అడిగింది. "మన మిషన్లో దారం రెండు బిళ్ళల మధ్యనుంచి వస్తుంది కదా. వాటికీ పోస్తారా?"

"మతి పోయిందా నీకు? దారాన్ని బిగువుగా పట్టి ఉంచేవి అవి. వాటికి నూనె తగిలిందా, ఇంకంతే. దారం సర్రున జారిపోతుంది. పొడిగా ఉండి రాసుకుంటేనే పట్టు. ఇంతకాలం నా పక్కన కూర్చుని కాజాలు కుట్టావు, ఆ మాత్రం తెలీదా? బిళ్ళలంటే..."

అక్కడ ఆగాడు. చేతిలో ఉన్న బిళ్ళను చూశాడు. దాని అంచునుంచి ఒక చుక్క నింపాదిగా అతని ప్యాంటు మీద రాలింది.

"చెప్పు బావా, బిళ్ళలంటే?" అన్నాడు బావమరిది.

"నోరు ముయ్యి. ఆ కిరసనాయిలు ఇలా ఇవ్వు."

బిళ్ళలు కడిగారు, తుడిచారు, గరుకు కాగితంతో రుద్దారు. వాషరు తాగిన నూనె కక్కేసరికి దర్జీ కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డపేలికలన్నీ అయిపోయాయి. అన్నీ ఎండాక మళ్ళీ అమర్చి, వారంవారం తను చేసిన పాపమంతా ఒక్కసారే కడిగేసుకోవాలన్నట్టు, నట్టును పళ్ళు బిగబట్టి బిగించాడు.

ఆదివారం ఇంజన్ వేశారు. పిడి ముందుకు తోయడానికే ఆమెకు రెండు చేతులూ కావాల్సి వచ్చింది. తోసి, వేడి పెనం మీదనుంచి తీసినట్టు చేతులు తీసేసింది. పిడి కదల్లేదు. ఇంజన్ ఒకే గొంతుతో పాడుతోంది. ఆమె కాసేపు నమ్మకంలేకుండా పిడినే చూసింది. తర్వాత సంచిలోంచి కమలాపండు తీసి, ఒక్కొక్క తొనే తింటూ రేవు గోడలనీ, వాటి మీది పక్షులనీ, విచ్చుకుంటున్న నీళ్ళనీ చూసింది. మొగుడికి ఒక్క తొన కూడా ఇవ్వడం గుర్తురాలేదు. అతను అడగనూలేదు.

తిరిగి వచ్చేటప్పుడు, గట్టు దగ్గరపడుతుండగా దర్జీ కేక వేశాడు. "పిడి వెనక్కి లాగు!"

"రావట్లేదండీ!"

"గట్టిగా లాగు!"

"మీరే కదా బిగించింది, మీరే లాగండి!"

గట్టు మీద నిలబడ్డ చేపల లారీ ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. బావమరిది తెరచాప మీద కాళ్ళు పడుతున్నా చూసుకోకుండా పరుగెత్తి ఇంజన్ ఆపే గుండీ లాగాడు. చప్పుడు ఆగింది, పడవ ఆగలేదు. గట్టుకు వేలాడదీసిన పాత టైర్లకు దభీమని తగిలి, ఒక్కసారి ఊగి, అలిగినట్టు పక్కకు తిరిగి నిలబడింది. కమలాతొక్కలు ముగ్గురి మీదా పడ్డాయి.

లారీ ఆయన వంగి చూసి, "ఏమ్మా, పడవ ఇచ్చేస్తారా మరి?" అన్నాడు.

దర్జీ చుక్కాని వదలకుండానే కళ్ళు మూసుకున్నాడు.

ఆమె జుట్టులోంచి తొక్క తీసేసుకుంది. "నన్ను పిడి పట్టుకోమంటే ఇచ్చేద్దామన్నాను. పట్టుకోమన్లేదు కదా, లాగమన్నారు. మాట మాటే." మొగుడి వైపు తిరిగింది. "ఆ నట్టు కాస్త వదులు చెయ్యండి, వచ్చే వారానికి."

దర్జీ ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషంలో చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

"ఊహూఁ," అందామె, అరచెయ్యి చాపుతూ. "స్పానర్‌తో. ఆ డబ్బా ఇటివ్వండి."