శుక్రారం ఆగిన అమెరికా షేర్లు

పొద్దుగాల అమెరికా షేర్లు కొందామని లేచిన. వాట్సాప్ గ్రూపుల ఒక సారు నెల సంది ఊరిస్తుండు, తను చెప్పిన ఖాతాల పైసలేస్తే షేర్లు ఆయనే కొనిపెడుతడట. పైసలు నావి కావు, నా పెండ్లాం బీడీలు చేసి కూడబెట్టినయి.

"ఇయ్యాల శుక్రారం. లక్ష్మిని ఇంట్లకెళ్లి ఎల్లగొడుతవా?" అన్నది.

"కొనేది అమెరికల. ఆడ ఇంక నిన్నటి రాత్రే, బేస్తారమే" అన్న.

"పైసలు పోయేది నా సందుగలకెళ్లి. ఈడ శుక్రారమే" అని తాళంచెవి కొంగుకు ముడేసుకున్నది.

పొద్దంత దాన్ని సతాయించిన. మాపటికి చూస్తే గ్రూపు లేదు, సారు ఫోను కలుస్తలేదు. నిన్ననే ఆ సారుకు పైసలేసిన పక్కింటి మల్లన్న తలకాయ పట్టుకొని కూసున్నడు. ఆయనను పోలీసు ఠాణకు తోలుకపోయి ఇప్పుడే వచ్చిన.

సంగతి చెప్తే, బీడీకి దారం సుట్టుకుంట, "రేపు శనారం. పంపుతవా మరి?" అన్నది.

కరీంనగర్ల అందరిని ఆటపట్టిచ్చే నోరు నాది, ఇయ్యాల నా వంతొచ్చింది. పోయి చాయ్ పెట్టి ఆమె చేతికిచ్చిన.

మీ ఇండ్లల్ల గిట్ల అడ్డం పడేటోళ్లు ఎవలున్నరో కింద రాయుండ్రి. వాళ్లను తిట్టేదుంటే జర మాపటిదాక ఆగి తిట్టుండ్రి.