వెయ్యో ట్రిప్పు

నేనూ, జగిత్యాల నుంచి వచ్చిన నా రూమ్మేటూ ఖతార్‌లో ఒకే కంపెనీ బస్సు డ్రైవర్లం. శుక్రవారం సెలవు కాబట్టి ఇద్దరం ఫోన్లో అమెరికా స్టాక్ కార్ రేసులు చూసేవాళ్ళం. ఆ రేసుల్లో ఒక వింత లెక్క ఉంది. మొదలుపెట్టిన డ్రైవర్ మధ్యలో దిగిపోయి, ఇంకొకడు ఆ కారు నడిపి గెలిచినా, గెలుపు మాత్రం మొదటివాడి ఖాతాలోనే పడుతుంది.

“ఇదేం లెక్కన్నా? నడిపినోడు పిచ్చోడా?” అని వాడు మండిపడేవాడు. రూలంటే రూలేనని నేను వాదించేవాణ్ణి.

ఓ మధ్యాహ్నం కూలీలను ఎక్కించుకుని వాడు మెసయీద్‌కు బస్సు తీశాడు. నా డ్యూటీ కూడా అటే కావడంతో అందులోనే ఎక్కాను. సగం దారిలో ఎండకు వాడికి కళ్ళు తిరిగాయి. మిగతా దారంతా నేనే నడిపాను.

అది వాడి వెయ్యో ట్రిప్పట. మర్నాడు మేముండే క్యాంపులో వాడిచేత కేకు కోయించి అందరూ చప్పట్లు కొట్టారు. నా ఊసే ఎవరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది.

“సగం నేను నడిపానని చెప్పవేంరా?” అన్నాను.

వాడు కేకు ముక్క నా నోటికి అందిస్తూ, “రూలంటే రూలే గదన్నా,” అన్నాడు.

తిన్నాను. ఆ శుక్రవారం రేసు వాడొక్కడే చూశాడు.