పొందూరు పెళ్లిబస్సు, ఇంకా తెరవని వంతెన

నేను తెనాలిలో ఇంటర్మీడియట్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. మా సిలబస్‌లో మౌలిక వసతుల మీద ఒక పాఠం ఉంది. రోడ్లు, రైళ్లు, కరెంటు, వంతెనలు, వర్ధమాన దేశాల్లో వాటి కొరత. ఏళ్ల తరబడి చెప్పి చెప్పి, పుస్తకం తెరవకుండానే అప్పజెప్పగలిగే స్థితికి వచ్చాను. అలాంటి రోజుల్లో ఒక ఆగస్టులో పార్వతి ఫోన్ చేసి పెళ్లికి రమ్మంది. పార్వతి యూనివర్సిటీ హాస్టల్లో నా రూమ్మేటు. ఇప్పుడు శృంగవరపుకోట అవతల, కొండల కింద ఉన్న తన ఊళ్లోనే టీచరుగా పనిచేస్తోంది. ముప్పై నాలుగేళ్లొచ్చి, చుట్టాలు సంబంధాల ఊసెత్తడం మానేశాక, కోటలో, అంటే ఆ శృంగవరపుకోటలోనే, జరిగిన ఖాదీ ప్రదర్శనలో చీర బేరమాడుతూ తన పెళ్లికొడుకుని తనే చూసుకుంది. అతని పేరు రమణ. పొందూరులో చిన్న బట్టల షాపు. "మా ఊరికి బస్సు లేదే. నువ్వు పొందూరు వెళ్లి మగపెళ్లివాళ్ల బస్సెక్కేయ్, మా గుమ్మం ముందు దింపుతారు. గోధూళి వేళకి ముహూర్తం, హాయిగా వచ్చేస్తావు" అంది. హాయిగానే బయల్దేరాను.

తెనాలిలో రాత్రి రైలెక్కి తెల్లవారాక ఆమదాలవలసలో దిగాను. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, కంగారు పడకండి, రెండూ ఒకటే. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ధాన్యం బస్తాల లారీల మధ్య నుంచి దారి చేసుకుంటూ పొందూరు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. ఇరవై రూపాయలు, అరగంట పైన. రోడ్డు సన్నగా ఉన్నా బాగుంది. నాట్లు సగం పడ్డాయి, సగం పడలేదు. మా వైపు కాలువలో నీళ్లు ఎప్పుడొస్తాయో పేపర్లో చదువుకుని నాట్లు వేస్తారు. ఇక్కడ చాలా పొలాలు ఆకాశం వైపే చూస్తున్నాయి. పొందూరులో రమణ వాళ్ల వీధిలో ఇంటింటికీ రాట్నం చప్పుడు వినిపిస్తోంది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం అక్కడే మొదటిసారి చూశాను. పార్వతికి ఒక చీర కొందామని రమణ షాపులో అడిగితే అతను నవ్వి, "పెళ్లికూతురికి పెట్టింది మా షాపు చీరేనండి, మీరు మీకోసం తీసుకోండి" అన్నాడు. రెండు వేల పైచిలుకు పెట్టి తీసుకున్నాను. ఇప్పటికీ అదే నా మంచి చీర.

బస్సు పదకొండు దాటాక కదిలింది. యాభై మంది దాకా ఉన్నాం. నా పక్క సీట్లో రమణ నానమ్మ అప్పలనరసమ్మ గారు కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి, ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం ఆడపడుచు. కిటికీ పక్క సీటు నాకివ్వనని ముందే తేల్చి చెప్పేశారు. "నీకు సదువుంది, పుస్తకంలో సూసుకుంటావు. నానిక్కణ్ణించే సూడాలి" అన్నారు. చీపురుపల్లి దాకా మలుపుల రోడ్డు, అక్కణ్ణుంచి గరివిడి మీదుగా విజయనగరం దాకా మంచి రోడ్డు. దారిలో పొగగొట్టాలు, మాంగనీసు దుమ్ము పట్టిన లారీలు, వాటి పక్కనే గోగునార ఆరబెట్టిన గట్లు. విజయనగరం దాటి కోట వైపు తిరగ్గానే తూర్పు కనుమలు అడ్డుగోడలా లేచాయి. వాటి నెత్తిన నల్లటి మబ్బు కూర్చుని ఉంది. మా మీద మాత్రం ఎండ కాస్తోంది. పులిహోర పొట్లాలు పంచారు.

కోట దాటాక రైల్వే గేటు పడింది. బస్తర్ నుంచి ఇనుప ఖనిజం వేసుకుని విశాఖ రేవుకి దిగే గూడ్సు బండి అది. ఎంతసేపు చూసినా తోక కనబడలేదు. మా డ్రైవరు సింహాచలం ఇంజను ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"రోజూ ఇలాగే వెళ్తుందా?" అని అడిగాను.

"రాత్రీ పగలూ ఎల్తాదమ్మా. ఆ రాయికి కొండ తొలిసి దారేసినారు. మనం ఎల్లే ఊరికి ఇంకా వంతెనే నేదు" అన్నాడు. విసుగుతో కాదు, వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆ సంగతి ఏమిటో గంట తర్వాత తెలిసింది. పార్వతి ఊరికి మైలు దూరంలో ఒక గెడ్డ ఉంది. గెడ్డ అంటే ఈ జిల్లాల్లో కొండవాగు. దాని మీద రోడ్డు ఎత్తుకే వేసిన సిమెంటు చప్టా ఒకటి ఉంటుంది. మామూలు రోజుల్లో చప్టా కింద గొట్టాల్లోంచి నీళ్లు పోతాయి. మేం వెళ్లేసరికి చప్టా కనబడలేదు. ఎర్రటి నీళ్లు దాని మీదుగా సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. మా మీద చుక్క పడలేదు, కానీ కొండ మీద పొద్దున్నంతా కురిసిందట. ఇక్కడ కొండలకీ సముద్రానికీ దూరం తక్కువ. పైన పడ్డ వాన పూట గడవకుండా పల్లానికి వచ్చేస్తుంది, వచ్చినంత వేగంగానూ పోతుంది. పోయేదాకా ఆగాలి. మాకు ఆగే వ్యవధి లేదు. నాలుగు కావస్తోంది.

బస్సు దిగి అందరం గట్టున నిలబడ్డాం. మాకంటే ముందే రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. వాటిలో పెళ్లి వంటమేస్త్రి గవరయ్య, కోట సంతలో కొన్న కూరగాయలు, పెరుగు క్యాన్లు. రమణ మేనమామ అప్పారావు పంచె ఎగ్గట్టి నీళ్ల వైపు చూశాడు.

"మోకాల్లోతే గదేటి! మెల్లిగా పోనీ సింహాచలం, ఎలిపోదాం."

"నాను నీట్లోకి దిగనండి."

"ముహూర్తం తప్పిపోతాది రా!"

"తప్పిపోతే ఇంకోటి పెట్టుకోవచ్చు బాబూ. ఇంతమందిని ముంచీసి నానెవరికి సెప్పుకుంటాను?" అంటూ సింహాచలం బస్సు తాళంచెవి తీసి మొలలో దోపుకున్నాడు.

అప్పారావు గొంతు పెంచాడు. డబ్బిచ్చి మాట్లాడుకున్న బస్సు అన్నాడు, ఇంకోసారి మీ ఓనరుకి బేరం ఇవ్వం అన్నాడు. సింహాచలం వెళ్లి బస్సు మెట్టు మీద కూర్చున్నాడు. పెళ్లికొడుకు బట్టల్లో ఉన్న రమణ ముందుకొచ్చి, "మావా, నువ్వాగు. ఆయన సెప్పిందే రైటు" అంటున్నాడు. అంతలో ఎగువ నుంచి ఒక చెట్టు మొదలు, వేళ్లతో సహా, కొట్టుకొచ్చింది. చప్టా అంచుకి తగిలి ఒక్క క్షణం ఆగి, పైకి లేచి, బోర్లా పడి అవతలికి దొర్లిపోయింది. దిగి ఉంటే మా బస్సు ముందు చక్రాలు సరిగ్గా అక్కడే ఉండేవి. అప్పారావు పంచె కిందికి దించేసుకున్నాడు.

చుట్టుదారి ఒకటి ఉంది. కానీ వెడల్పు చేస్తామని దాన్ని తవ్వి పెట్టారు, లారీలు దిగబడ్డాయని కబురు. పార్వతికి ఫోన్ చేశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. "వానకి ఆగితే మా ఊళ్లో ఒక్క పెళ్లీ జరగదే. ఎగువకి చూడు, కొత్త వంతెన కనిపిస్తోందా? ఇంజనీరుగారిని బతిమాలండి" అంది.

నిజమే. కాస్త ఎగువన గెడ్డకి అడ్డంగా కొత్త వంతెన నిలబడి ఉంది. పైన శ్లాబు అంతా పడింది. పక్క గోడలు లేవు, అవతలి ఒడ్డున మట్టికట్ట పోయలేదు. అంటే వంతెన మనిషెత్తున గాల్లో ఆగిపోయి ఉంది. రేకుల షెడ్డులోంచి ముప్పై ఏళ్ల సైట్ ఇంజనీరు, ఒడిశా నుంచి వచ్చిన కూలీలు బయటికి వచ్చారు.

"కుదరదండి. ఇంకా పని జరుగుతున్న వంతెన. ఎవరికైనా ఏమైనా అయితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడతను. తప్పులేదు. అప్పలనరసమ్మ గారు కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చారు.

"నీకు పెళ్లయిందేటి బాబూ?"

"లేదండి."

"అదీ సంగతి! అందికే నీకు తెలవట్నేదు. అక్కడ పిల్ల పసుపు పూసుకుని కూకున్నాది."

ఇంజనీరుకి నవ్వొచ్చింది. పక్కకు వెళ్లి పై అధికారికి ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి షరతులు చెప్పాడు. కాంక్రీటు గట్టిపడి నెలలైంది కాబట్టి బరువు సంగతి భయం లేదు. బస్సు, ఆటోలు మాత్రం ఎక్కకూడదు. రెండు వైపులా మోకు కట్టాలి, మధ్యలోనే నడవాలి, పదిమంది దాటాకే ఇంకో పదిమంది. "సన్నాయి వాయించుకోండి, గంతులు మాత్రం వెయ్యకండి. అందరూ హెల్మెట్లు పెట్టుకోవాల్సిందే."

"పెళ్లికొడుకు కూడానా?" అన్నాడు అప్పారావు.

"ముందు ఆయనే."

కూలీలు చకచకా మోకులు లాగి, బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలకు బిగించారు. వాళ్ల దగ్గర పది హెల్మెట్లున్నాయి, పసుపు రంగువి. అవతలికి చేరిన వాళ్ల హెల్మెట్లు ఒకతను పోగుచేసి తీసుకొచ్చేవాడు. రమణ బాసికం తీసి జేబులో పెట్టుకుని హెల్మెట్ పెట్టుకున్నాడు. సన్నాయి అతను బుగ్గలు పూరించి కల్యాణి రాగం ఎత్తుకున్నాడు. అప్పలనరసమ్మ గారిని కుర్చీలో మోస్తామంటే ఒప్పుకోలేదు. ఒక ఒడిశా కుర్రాడి చెయ్యి పట్టుకుని, పుట్టింట్లో నేర్చిన ఒడియాలో అతని ఊరేదో, పెళ్లాం పిల్లలున్నారో లేదో అడుగుతూ నడిచారు.

నా వంతు వచ్చేసరికి గవరయ్య నా చేతిలో వంకాయల బుట్ట పెట్టాడు. "ఖాళీ సేతుల్తో ఎల్తారేటి మేడమ్ గారూ? పెళ్లికొడుకు రాపోయినా గంటసేపు ఆగుతారు, కూర నేపోతే ఆగరు."

వంతెన మధ్యకి వచ్చాను. కింద ఎర్రటి నీళ్ల హోరు కాంక్రీటులోంచి పాదాల్లోకి ఎక్కుతున్నట్టుంది. బుట్ట వల్ల నా కాళ్లు నాకు కనబడటం లేదు. ఆగిపోయాను. వెనక నడుస్తున్న అప్పారావు, అంతసేపూ అందరి మీదా అరిచిన మనిషి, చాలా మెల్లగా, "కొండేపు సూడమ్మా, నీటేపు సూడకు. నానెనకే ఉన్నాను" అన్నాడు. కొండ వైపు చూశాను. మబ్బు విడిపోయింది. పచ్చటి వాలు మీద ఎండ పడి మెరుస్తోంది. అడుగు దానంతటదే పడింది. మౌలిక వసతి అనే మాట నేను క్లాసులో ఎన్నిసార్లు పలికానో చెప్పలేను. దాని మీద నిలబడి, అది నన్ను మోస్తోందని తెలిసింది మాత్రం అప్పుడే.

అవతల శ్లాబు ఆగిపోయిన చోట కూలీలు సెంట్రింగ్ చెక్కలతో మెట్లు కట్టి ఉంచారు. కింద ఊరు ఊరంతా ఉంది. వాళ్ల మధ్యలో, పెళ్లికూతురు గడప దాటకూడదని ఎవరు ఎంత చెప్పినా వినకుండా, పార్వతి. పసుపు హెల్మెట్‌లో దిగుతున్న రమణని చూసి కడుపు పట్టుకుని నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో నవ్వు ఒక్కటే లేదని నాకు తెలుసు.

"ఒసే, వంకాయలు తెచ్చావా?" అంది నన్ను వాటేసుకుని.

ముహూర్తానికి తాళి పడింది. ఇంజనీరునీ, కూలీలనీ మగపెళ్లివారి బంతిలోనే కూర్చోబెట్టి బూరెలు మారు వడ్డించారు. అవతలి ఒడ్డున బస్సుతో ఉండిపోయిన సింహాచలానికి ఇంజనీరే టార్చిలైటు పట్టుకుని క్యారేజీ తీసుకెళ్లాడు. ఫోటోలు ఎక్కడా పెట్టనని అతనికి మాటిచ్చాను. ఈ టపాలో ఊరి పేరు, గెడ్డ పేరు లేకపోవడానికి కారణం అదే.

పొద్దున లేచేసరికి గెడ్డ తగ్గిపోయింది. చప్టా మీద ఇసుక మేటలు తప్ప ఏమీ లేదు. సింహాచలం బస్సు దర్జాగా దాటి వచ్చి పార్వతి గుమ్మం ముందు హారన్ కొట్టింది. అప్పారావు విస్తరాకులో బూరెలు పెట్టుకుని ఎదురెళ్లాడు.

"ఏటి సింహాచలం, ఇప్పుడు దిగినావేటి?"

"ఇప్పుడు దారుంది గదండి."

"తిను, తిను" అన్నాడు అప్పారావు. పక్కనే మెట్టు మీద కూర్చుని, అతను తినేదాకా లేవలేదు.

నన్ను విజయనగరం స్టేషన్లో దింపారు. రైల్లో కూర్చున్నాక ఆలోచిస్తే ఒకటి అనిపించింది. దేశం వెనకబడింది, ముందుకెళ్తోంది అని మేం అంకెలతో చెబుతుంటాం. ఈ జిల్లాల్లో ఖనిజం ఉంది, నేత ఉంది, పంట ఉంది, కష్టపడే మనుషులున్నారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి మాత్రం అక్కడక్కడా తెగి ఉంది. తెగిన చోట ఒక డ్రైవరు కాదని నిలబడాలి, ఒక ఇంజనీరు సరేనని పూచీ పడాలి. ఆ రెండూ ఒకే సాయంత్రం జరగడం నా స్నేహితురాలి అదృష్టం. ఆ వంతెనకి రిబ్బను ఎవరు కత్తిరించారో, ఎప్పుడు కత్తిరించారో నాకు తెలియదు. దాని మీద ముందు నడిచిన ఊరేగింపులో మాత్రం నేనున్నాను.

వానాకాలంలో కోట వైపు వెళ్లేవారికి ఒక్క మాట. మీ నెత్తిన ఎండ కాస్తోందని ధీమాగా ఉండకండి, కొండ మీద మబ్బు చూడండి. బయల్దేరే ముందు బస్టాండులో గెడ్డల సంగతి అడగండి, చేతిలో ఒక పూట అదనంగా ఉంచుకోండి. చప్టా మీద నీళ్లు పారుతుంటే, అవతల పెళ్లి మీదైనా సరే, దిగకండి.