సుంకన్న దించని స్టెప్నీ

నందికొట్కూరు నుంచి ఆత్మకూరుకు బస్సు నడిపే సుంకన్న రెండింటికి మాత్రం చెప్పులు విడిచి మొక్కేవాడు. ఒకటి మద్దిలేటి నరసింహస్వామి పటం. రెండోది బస్సు వెనక గొలుసుతో బిగించిన స్టెప్నీ చక్రం.

ఆ బస్సు పుట్టుకతో బస్సు కాదు. యుద్ధం ముగిశాక వేలంలో వచ్చిన మిలిటరీ లారీ. కర్నూలు వడ్రంగులు దానిమీద చెక్కగది కట్టి, బల్లలు వేసి, పసుపు రంగు పూశారు. వాన పడితే కిందనుంచి పాత ఆకుపచ్చ తొంగిచూసేది. యజమాని దేవేంద్రప్ప స్టెప్నీని విడిగా ఎక్కడో కొనుక్కొచ్చి బిగించాడు. అప్పటినుంచి ఏడేళ్లు, సుంకన్న దాన్ని ఒక్కసారీ కిందికి దించలేదు. ఆపదకని పెట్టుకున్నదాన్ని ఊరికే కదిలిస్తే ఆపద వస్తుందని ఆయన భయం. టైరులో మేకు దిగితే దారి పక్కన కూర్చుని ట్యూబుకు అతుకు వేసేవాడేగాని, స్టెప్నీ జోలికి పోయేవాడు కాదు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవాడు. ఏడేళ్ల పసుపు పొరలు పొరలుగా గట్టిపడి, చక్రం నడిమి ఇనుమంతా గోడలాగా నున్నగా మూసుకుపోయింది. బస్సు దిగిన ఆడవాళ్లు దాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడాది, శివరాత్రి ఇంకా ఐదు రోజులుందనగా, తిరుపతమ్మ అనే ముసలామె మూటతో, చేతికర్రతో బస్సెక్కింది. ఆత్మకూరులో మధ్యాహ్నం డప్పు కొట్టగానే యాత్రికుల గుంపు శ్రీశైలానికి కాలినడకన కదులుతుంది. గుంపు తప్పితే నల్లమలలో ఒంటరిగా ఎవరూ పోరు. మనవడి జబ్బు తగ్గితే నడిచి వస్తానని ఆమె మొక్కు.

"నాయనా సుంకన్నా, డప్పు కొట్టేలోపల నన్నాడ దించుతావు గదా? పోయినేడు జరమొచ్చి తప్పిపాయ. ఈ ఏడు గూడా తప్పితే సామికి మొగమెట్ల సూపేది?"

"డప్పు సెగకు పెట్టేలోపలే దించుతా. కూచో అవ్వా."

సగం దారిలో, జొన్నచేల మధ్య, తుపాకి పేలినట్టయింది. ముందు టైరు జానెడు పొడుగున చీలిపోయింది. కండక్టరు చిన్న ఈరన్న, సుంకన్న ఈడువాడే, వంగి చూశాడు.

"ఏమప్పా, దీనికి అతుకేస్తావా, దుప్పటి కప్పుతావా?"

అందరి చూపూ బస్సు వెనక్కి పోయింది. సుంకన్న కాళ్లు చేతులు కడుక్కున్నాడు. ఒకామె యాత్ర మూటలోంచి టెంకాయ ఇస్తే కొట్టి, "తండ్రీ, కోపం చేసుకోవాకు" అని గొలుసు విప్పాడు. నలుగురు మగవాళ్లు ఉత్సవ విగ్రహాన్ని దించినంత మెల్లగా దించారు. చీలిన టైరు చక్రం విప్పి, ఆ చోట పెడితే స్టెప్నీ ఎక్కలేదు. తిప్పి పెట్టినా ఎక్కలేదు.

"పసుపు అడ్డం పడతాండాది. గీకండప్పా!" అన్నారెవరో.

కొడవలితో గీకారు. రాలిన పెచ్చులను ఆడవాళ్లు ప్రసాదమని కొంగుల్లో కట్టుకున్నారు. ఇనుము బయటపడ్డాక ఈరన్న వేలు పెట్టి లెక్కించాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... ఆరోది యాడప్పా?"

బస్సుకు ఆరు బోల్టులు. స్టెప్నీకి ఐదు కన్నాలు. అది వేరే ఏదో బండి చక్రం.

"ఏడేండ్లు పూజ చేస్తివి. ఒక్కదినమన్నా ఎంచి సూడకపోతివే!"

"దేవుని ముందర కూచోని ఎంచేదేందప్పా?" అన్నాడు సుంకన్న. అవ్వ వైపు చూడలేక తల వంచుకున్నాడు.

ఆమె పొద్దు ఎంత ఎక్కిందో చూసి, చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ముందు ఇవి తాగు నాయనా. మొగం వాడిపోయినాది."

ఆ నీళ్లు కడుపులో పడ్డాకగాని సుంకన్నకు బుర్ర పనిచేయలేదు. చీలిన టైరును, స్టెప్నీ టైరును పక్కపక్కన పెట్టి మూరతో కొలిచాడు. రెండూ ఒకటే కొలత! ఐదు కన్నాల చక్రం మీది టైరు ఊడదీసి, ఆరు కన్నాల చక్రానికి ఎక్కిస్తే సరి.

చీలిన టైరు ఇనుప పట్టీలు దూర్చి ఎత్తగానే ఊడి వచ్చేసింది. స్టెప్నీ టైరు మాత్రం ఏడేళ్లుగా చక్రానికి అతుక్కుని ఉంది. పక్కచేను రైతు ఇచ్చిన గడ్డపారకూ కదలలేదు. అప్పుడు ఈరన్న, అదే బస్సులో ప్రార్థన కూటానికి పోతున్న దావీదురాజు అయ్యవారిని ఎగాదిగా చూశాడు. ఆయనది భారీ విగ్రహం.

"సారూ, మీరొక్కరు ఎక్కి నిలబడితే పదిమంది పెట్టు."

"నేను వాక్యం చెప్పడానికి పోతాండా ఈరన్నా, టైర్లెక్కడానికి కాదు" అంటూనే ఆయన బూట్లు విప్పి ఎక్కాడు. మూడో గెంతుకు టైరు ఊడింది. అందరూ కేకలు పెట్టారు.

ఇక చేతిపంపుతో గాలి కొట్టాలి. మనిషికి ఇరవై ఊపులని వంతు వేసుకున్నారు. యాత్రికులు ఊపుకొకసారి "హర హర మహాదేవ" అన్నారు. దావీదురాజు తన వంతులో అదే లయకు పెదవులు కదిపాడు. ఆయన ఎవరిని తలుచుకున్నాడో ఎవరూ అడగలేదు. గాలి మాత్రం బాగా ఎక్కింది.

ఆత్మకూరు చేరేసరికి మైదానం ఖాళీ. డప్పులు కాచిన నిప్పు ఇంకా వెచ్చగా ఉంది.

"పోయి గడియసేపాయనప్పా" అన్నాడు అక్కడ మేకలు కాసేవాడు.

అవ్వ మూట అందుకుంది.

"దిగొద్దవ్వా" అన్నాడు సుంకన్న.

"పర్మిట్టు ఈడికే!" ఈరన్న అరిచాడు. "పైగా ఎనకాల స్టెప్నీ లేదు!"

"ఎప్పుడుండెనప్పా?"

ఆ మాటతో ఈరన్న మళ్లీ బస్సెక్కాడు. అడవి వైపు బండిదారిలో బస్సు ఎగిరెగిరి పడుతూ పోయింది. కోసుదూరం దాటాక డప్పు వినిపించింది. వెనక హారను విని గుంపు ఆగింది. గుంపుకు దారి చూపుతూ ముందు నడిచే కంబన్న వెనక్కి వచ్చి అవ్వ మూట తన భుజాన వేసుకున్నాడు.

చిక్కు అప్పుడు తెలిసింది. అటు ముళ్లకంపలు, ఇటు బండరాళ్లు, బస్సు తిప్పడానికి చోటు లేదు. గుంపంతా మూటలు దించి, బస్సును ముందుకు నాలుగుసార్లు, వెనక్కి నాలుగుసార్లు నెట్టింది. డప్పువాడు ఊపు తప్పకుండా కొట్టాడు. తిరుపతమ్మ గూడా చేతికర్ర పారేసి రెండు చేతులూ బస్సుకు ఆనించింది.

"నువ్వెందుకవ్వా, పక్కకు రా!" అన్నాడు సుంకన్న కిటికీలోంచి.

"నువ్వు స్టీరింగు సూసుకో నాయనా" అందామె, ఇంకా గట్టిగా నెడుతూ.