రష్యా కర్నలు గారి రెండో సగం కోసం మొగల్తూరు దాకా

రాజమండ్రి కాలేజీలో ఉండగా నేనూ యేసురత్నమూ చెరి కాస్తా వేసుకుని ఒక పాత ఇంగ్లీషు పుస్తకం కొన్నాం. అది ఒక రష్యా సైనికాధికారి జీవితం. పేరు నోరు తిరగక ‘కర్నలు గారు’ అనేవాళ్ళం. బీద ఇంట పుట్టి, టర్కీ మీద యుద్ధం చేసొచ్చి, చివరికి యుద్ధమెలా చెయ్యాలో సేనానులకే పాఠం చెప్పిన మనిషి. యేసురత్నానికి మొగల్తూరు మిషను బడిలో మేష్టరు పని దొరికినప్పుడు పుస్తకాన్ని నడిమికి కోసి పంచుకున్నాం. కర్నలు గారి ఎదుగుదల నాకు, తరవాతి సంగతులు వాడికి.

రెండేళ్ళ తరవాత, ఈ వేసవిలో, ఒక శనివారం వాడి ఉత్తరం వచ్చింది. పెషావరులో పటాలం గుమాస్తాగా పోతున్నాట్ట. గురువారం ప్రయాణం, ఈలోగా వచ్చి రెండో సగం తీసుకెళ్ళమన్నాడు. పుస్తకం వంక మాత్రమే. నాకు వాణ్ణి చూడాలనుంది.

అయితే సరఫరా సిద్ధం కానిదే సేన కదలరాదని కర్నలు గారి సిద్ధాంతం. ఆది, సోమవారాలు అటుకులూ, మాగాయ జాడీ, మరచెంబూ, గొడుగూ సేకరించి మంగళవారం పొద్దున గోదావరి దాటాను. విజ్జేశ్వరం లాకుల దగ్గర నరసాపురం పడవ ఎక్కాను. కేవు, అంటే పడవ కూలి, ఆరణాలు. గట్టు మీద ఇద్దరు తాడు లాగుతుంటే పడవ మనిషి నడకతో సాగుతుంది.

“కాపురం పెట్టడానికాండి?” అన్నాడు సరంగు నా సామాను చూసి.

“దండయాత్రకండి.”

“అయితే బేగా కానివ్వండి. రేపు కాలువ కట్టేస్తారు.”

ఏటా వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేస్తారని ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. కర్నలు గారు రాయలేదంతే.

బుధవారం సాయంత్రం మార్టేరు దగ్గర నీళ్ళు దిగిపోయి పడవ బురదలో కూర్చుంది. మర్నాడు పొద్దున గాని బండి దొరకలేదు. నరసాపురానికి ఆరు గంటలు, అక్కణ్ణుంచి మొగల్తూరుకి రెండు గంటల నడక. జాడీ చంకలోనే ఉంది.

మిషను బడి వెనకింట్లో యేసురత్నం అక్క మరియమ్మ గారు బియ్యం చెరుగుతున్నారు. నన్ను ఎగాదిగా చూశారు.

“మీరేనాండి మొదటి సగం?”

“అవునండి. రత్నం ఉన్నాడా?”

“పొద్దున్నే నరసాపురం రేవు దాటి వెళ్ళిపోయాడండి. నిన్న రెండుసార్లు కాలువ గట్టు దాకా వెళ్ళొచ్చాడు. పడవలు రావని తెలిసి కూడాను.”

నా మాగాయతోనే నాకు అన్నం పెట్టారు. చాలా బాగుంది. అదే బాధ.

అరుగు మీద కూర్చుని, వాడు నాకోసం వదిలి వెళ్ళిన రెండో సగం చదివాను. పైవాళ్ళతో పడక కర్నలు గారిని రాజ్యం అంచున ఒక కోటకి తోలేశారు. తిరిగొచ్చారో లేదో ఆఖరి కాగితంలో ఉండాలి. అది లేదు. దాని ముందు పేజీ అంచున వాడి పెన్సిలు రాత: “చివరి కాగితం నాతో వస్తోంది. కావాలంటే ఉత్తరం రాయి.”

తిరుగు ప్రయాణమంతా ఎండిన కాలువ పక్కనే. వాడు నిలబడ్డ గట్టు ఏదో తెలియక ప్రతి గట్టు మీదా కాసేపు నిలబడ్డాను. కర్నలు గారు ఏమైనా నాకిప్పుడు ఫరవాలేదు. ఆ కాగితం మాత్రం వాడి దగ్గరే ఉండాలి, నేను అడుగుతూ ఉండాలి.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక్క సలహా: కాలువ ఎప్పుడు కట్టేస్తారో లాకుల దగ్గర ముందే అడగండి. ఊరగాయ లేకపోయినా బయలుదేరండి.